చదువు ఆగిపోయినోడు రాసిన ‘చదువు’

పోయిన నెలలో నన్ను ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు. ముగ్గురూ మన చుట్టుపక్కల పిల్లలే.

మొదటోడు రేపల్లె అవతల రొయ్యల చెరువు కాడ రాత్రి కాపలా ఉండే కుర్రాడు. కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, తెల్లార్లూ కన్ను మూయకూడదు. ఫోన్లో రీల్సు చూసీ చూసీ విసుగు పుట్టిందంట. ఏదన్నా మంచి పుస్తకం చెప్పన్నా, నిద్రొచ్చే పుస్తకం మాత్రం చెప్పొద్దు, నా ఉద్యోగం పోయిద్ది అన్నాడు.

రెండో మనిషి బాపట్లలో గది అద్దెకి తీసుకొని గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే అమ్మాయి. బిట్లు బట్టీ పట్టీ పట్టీ బుర్ర మొద్దుబారిందనీ, పరీక్షలో రాని పుస్తకం ఒకటి కావాలనీ మెసేజ్ పెట్టింది.

మూడోవాడు మా మేనల్లుడు. అక్కావాళ్ళు తెనాల్లో ఉంటారు. వీడు హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో ఏడులో ఆపేసి ఇంటికొచ్చాడు. ఫీజు బాకీ కొంత, మిగిలిపోయిన సబ్జెక్టులు కొంత. వచ్చి నాలుగు నెలలైంది. గది తలుపు తియ్యడు, తిన్నావా అంటే తిన్నానంటాడు, అంతే. మొన్న ఆదివారం నేను వెళ్ళి, సాయంత్రం బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చాడు. మావయ్యా, చదువుకోడానికి ఏదన్నా ఉంటే పంపు అన్నాడు. నాలుగు నెలల్లో వాడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఆ రాత్రి తెనాల్లో రేపల్లె బండెక్కి కూర్చున్నాను. వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది, నా బుర్రలో ఒకటే ఆలోచన. దిగేలోపు ముగ్గురికీ జవాబు దొరికింది. పుస్తకాలు వేరే వేరే. వాటికి దారి చూపించే మనిషి మాత్రం ఒక్కడే. ఆ మనిషి పుట్టింది కూడా తెనాల్లోనే. పేరు కొడవటిగంటి కుటుంబరావు. పుస్తకాల జనం కొ.కు. అంటారు.

ఆయన బతుకు కథ చెప్తాను. ఏ మలుపు కాడ ఏ పుస్తకం అందుకోవాలో కూడా చెప్తాను. మీకు ఏది పనికొస్తే అది పట్టుకోండి.

థ్రిల్లర్‌తో మొదలైన పిల్లాడు

కుటుంబరావు 1909 అక్టోబర్ 28న తెనాల్లో పుట్టాడు. మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబం. అయిదేళ్ళకే తండ్రి పోయాడు. పదకొండేళ్ళకి తల్లి కూడా పోయింది. మేనమామ దగ్గర పెరిగాడు. చిన్నప్పుడు కొంతకాలం పల్లెటూళ్ళో ఉండటంతో పల్లె మంచీ, పల్లె చెడ్డా రెండూ కళ్ళారా చూశాడు. తర్వాత ఆయన కథల్లో పల్లెటూరు పాటల్లో వచ్చే పచ్చటి బొమ్మలాగా ఎక్కడా కనపడదు. అప్పులూ, వాటాలూ, మాట పట్టింపులూ, మంచి మనుషులూ అన్నీ కలిపే కనపడతాయి.

ఆ ఇంట్లో పుస్తకం వాసన తగిలించింది అన్న వెంకటసుబ్బయ్య. ఆయన కవీ, రచయితా. తెలుగే కాదు, పడమటి దేశాల సాహిత్యం కూడా ఆ అన్న ద్వారానే తమ్ముడి చేతికొచ్చింది. ఆ అన్న కూడా ఎక్కువ కాలం బతకలేదు. తల్లీ తండ్రీ అన్నా పోయిన పిల్లాడికి మిగిలింది చదివే అలవాటు.

ఇక్కడ మీకు నచ్చే ముచ్చట ఒకటుంది. పదమూడేళ్ళ వయసులో ఆయన రాయడం మొదలుపెట్టింది పెద్ద పెద్ద తాత్విక గ్రంథమేం కాదు. ఒక థ్రిల్లర్ నవల! అదీ పూర్తి చెయ్యలేదు. కొన్ని పద్యాలు రాశాడు, తర్వాత పద్యాలూ మానేశాడు. తెలుగులో గట్టి వచన రచయితల్లో ఒకడని పేరు తెచ్చుకున్న మనిషి మొదటి మెట్టు అది.

అందుకే చెరువు కాడ కుర్రాడికి నేను మొహమాటం లేకుండా డిటెక్టివ్ నవల చెప్పాను. కొమ్మూరి సాంబశివరావు రాసినవి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు వస్తారు వాటిల్లో. ఈ సాంబశివరావు కూడా 1926లో తెనాల్లో పుట్టినోడే. పైగా కుటుంబరావు భార్య వరూధిని గారికి తోబుట్టువు. అంటే ఒకే ఇంట్లో బావ సమాజం గుట్టు విప్పుతుంటే, బావమరిది హంతకుడి గుట్టు విప్పుతున్నాడన్నమాట.

డిటెక్టివ్ నవల చదివేవాణ్ణి చిన్నచూపు చూసే పెద్దలు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళ మాట పట్టించుకోవద్దు. అర్ధరాత్రి రెండింటికి చెరువు గట్టు మీద నీచేత పేజీ తిప్పించిన పుస్తకం తక్కువదేం కాదు. అసలు చదివే అలవాటు తగులుకోవాలి ముందు. ఆ తర్వాత ఎటు పోవాలో కాళ్ళకే తెలిసిద్ది.

పడవలో పుస్తకాలు తిరిగిన నేల

కుటుంబరావు పెరిగిన కాలం ఎట్టాంటిదో చెప్పాలి. ఆయనకి నాలుగేళ్ళప్పుడు, 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది మన బాపట్లలోనే. తెలుగోళ్ళకి వేరే రాష్ట్రం కావాలన్న మాటకి బలం పుట్టింది అక్కడే. మరుసటేడు, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య, ఇంకా ఎంతోమంది కలిసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగారు.

అంతెందుకు, మన కాలవలే సాక్ష్యం. పాతూరి నాగభూషణం అనే ఆయన 1935లో పెదపాలెం, కొల్లూరు మధ్య కాలవలో పడవ గ్రంథాలయం నడిపాడు. ధాన్యం బస్తాలు పోయే కాలవ మీద పుస్తకాలు పోయాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళల్లో జనం వచ్చి తీసుకునేవాళ్ళు. ఇప్పుడు అదే కాలవ గట్టు మీద కూర్చొని మనం సిగ్నల్ లేదని తిట్టుకుంటున్నాం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పుస్తకం అనేది పట్నం వాళ్ళ వస్తువు, మనలాంటోళ్ళది కాదు అన్న మాట అబద్ధం. వందేళ్ళ కిందట ఈ డెల్టా రైతులూ, బళ్ళో పంతుళ్ళూ, చిన్న చిన్న షాపులోళ్ళూ చందాలేసుకొని పుస్తకాలు తెప్పించుకున్నారు. ఆ గాలిలో పెరిగాడు కుటుంబరావు.

బెనారస్ నుంచి వెనక్కి

1925లో తెనాల్లో హైస్కూలు చదువు అయింది. అది పూర్తి కాకముందే పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు పద్మావతికి పదకొండేళ్ళు. అప్పటి ఆచారం అది. తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్, విజయనగరం మహారాజా కాలేజీలో బి.ఏ. ఫిజిక్స్. ఆ కాలేజీ రోజుల్లోనే దేవుడి మీద నమ్మకం వదిలేశాడు, రాయడం మొదలుపెట్టాడు. 1929లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాడు.

తెనాలి కుర్రాడు కాశీ దాకా పోయి ఎమ్మెస్సీ చదవడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఇంక చదువు అయిపోయిద్ది, పెద్ద ఉద్యోగం వచ్చిద్ది అని ఎవరైనా అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం ముంచుకొచ్చింది. అమెరికాలో షేర్లు పడితే గుంటూరు జిల్లాలో ధాన్యం రేటు పడిపోయింది. రైతు చేతిలో డబ్బు లేకపోతే ఊళ్ళో ఎవడి చేతిలోనూ ఉండదు. ఎమ్మెస్సీ రెండో ఏడు సాగలేదు. డబ్బు లేక చదువు ఆగిపోయింది. డిగ్రీ లేకుండానే వెనక్కొచ్చాడు.

రైల్లో ఈ సంగతి గుర్తొచ్చినప్పుడే నాకు మా మేనల్లుడు కళ్ళముందు కదిలాడు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాతికేళ్ళ కిందట నేనూ అట్టాగే వెనక్కొచ్చినోణ్ణే. పీజీ మొదటి ఏడు అయ్యాక ఇంట్లో పరిస్థితి బాగోలేక మూటాముల్లె సర్దుకొని ఊరికొచ్చాను. బజార్లో పోతుంటే ప్రతివాడూ ఒకటే అడుగుతాడు, ఏంటబ్బాయ్ సెలవలా అని. ఆ ప్రశ్నకి భయపడి నేను మెయిన్ రోడ్డు మానేసి కాలవ గట్టు మీద తిరిగేవాణ్ణి. ఊళ్ళో రిటైరైన పోస్టుమ్యాన్ ఒకాయన ఉండేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన ఏమీ అడగలేదు. ఒక పుస్తకం మాత్రం చేతిలో పెట్టాడు. అట్ట చిరిగిపోయి ఉంది. కుటుంబరావు నవల ‘చదువు’.

అందులో సుందరం అని ఒక పిల్లాడు. వాడి అక్షరాభ్యాసం కాడ నుంచి మొదలయ్యిద్ది. బడి, పరీక్షలు, కాలేజీ, పెళ్ళి, ఉద్యోగం వేట. చుట్టూ మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, తర్వాత మాంద్యం. ఇది కుటుంబరావు తను చూసిన బతుకులోంచి తీసిన నవల అని చదివితే తెలిసిపోయిద్ది. సుందరం హీరో ఏం కాదు. ఫైటింగులు చెయ్యడు, ఎవర్నీ ఎదిరించి గెలవడు. మనలాగే బిక్కుబిక్కుమంటా ఒక్కో మెట్టూ ఎక్కుతా ఉంటాడు. ఆ చదువు వాణ్ణి ఎటు తీసుకుపోతుందో చదివించే వాళ్ళకీ తెలీదు, చదివే వాడికీ తెలీదు. ఈ చదువు దేనికి, ఎవరికి, దీనికీ బతుక్కీ లంకె ఎక్కడుంది అన్న ప్రశ్న నవల పొడుగూతా నడుస్తా ఉంటుంది. రచయిత మాత్రం ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు.

ఆ నవల నాకు ఉద్యోగం ఇప్పించలేదు. కానీ ఒక పని చేసింది. చదువు ఆగడం నా ఒక్కడి చేతగానితనం కాదని తెలిసింది. రేట్లు, ఫీజులు, ఊరి పరిస్థితి, దేశం పరిస్థితి ఇవన్నీ కూడా నా మార్కుల షీటు వెనకాల ఉన్నాయని అర్థమైంది. నా తప్పు నాది కాకుండా పోలేదు. మొత్తం తప్పు నాదే అన్న బరువు మాత్రం దిగింది. తర్వాత మెయిన్ రోడ్డు మీదే నడిచాను.

మా వాడికి పంపింది ఆ పుస్తకమే.

తెనాలిలో ఒక అరుగు

బెనారస్ నుంచి వచ్చాక కుటుంబరావు బతుకుతెరువు కోసం తిరగని చోటు లేదు. గుమాస్తాగిరీ చేశాడు, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాడు, సినిమాలకి పనిచేశాడు, పత్రికాఫీసుల్లో కూర్చున్నాడు. 1939లో భార్య పద్మావతి చనిపోయింది. అట్టాంటి రోజుల్లోనూ రాత ఆపలేదు. మొదటి కథ ‘ప్రాణాధికం’ గృహలక్ష్మి పత్రికలో వచ్చింది. ఆ తర్వాత వందల కథలు, పెద్ద నవలలు, చిన్న నవలలు, నాటికలు, వ్యాసాలు.

ఆయన స్నేహితుల్లో ముఖ్యమైనోడు చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, తెనాలి ఐతానగరం. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు, మంచం మీద ఊరికే పడుకోకుండా బెంగాలీ నేర్చుకున్నాడు. తర్వాత శరత్‌బాబు నవలల్ని నేరుగా బెంగాలీ నుంచే తెలుగులోకి తెచ్చాడు. చాలామంది తెలుగోళ్ళు శరత్ మన తెలుగు రచయితే అనుకున్నారంటే ఆ అనువాదం ఎంత సాఫీగా ఉందో చూడండి. ప్రేమకథలు ఇష్టపడేవాళ్ళు అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇద్దరూ కలిసి 1930ల నడిమిలో తెనాల్లో ‘యువ’ పత్రిక నడిపారు.

అప్పటి తెనాలి అట్టాంటిది. ఒక పక్క త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమంలో పురాణాల్ని ప్రశ్నిస్తా రాస్తున్నాడు. ఆయన కొడుకు గోపీచంద్ తర్వాత ‘అసమర్థుని జీవయాత్ర’ రాశాడు. మనసు లోపల ఏం జరిగిద్దో చూపించే నవల అది. అది చదివినోడు రాత్రి తనని తాను ఒకసారి తరచి చూసుకోకుండా నిద్రపోడు.

ఇంకొకాయన్ని ఇక్కడ మర్చిపోతే పాపం తగిలిద్ది. శారద. పేరు చూసి ఆడమనిషి అనుకోకండి. అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళ కుర్రాడు. 1924లో పుట్టాడు. పన్నెండు పదమూడేళ్ళప్పుడు తండ్రితో కలిసి బతుకుదెరువుకి తెనాలి వచ్చాడు. హోటళ్ళలో సర్వరుగా పనిచేశాడు. తెలుగు ఆయన అమ్మభాష కాదు. పని చేసుకుంటానే నేర్చుకున్నాడు. కప్పులు కడిగిన చేత్తోనే కథలూ నవలలూ రాశాడు. ‘మంచీ-చెడూ’, ‘అపస్వరాలు’ పత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. మూర్ఛ జబ్బుతో, పేదరికంతో నలిగి 1955లో పోయాడు. ముప్ఫయ్యేళ్ళు దాటీ దాటకముందే.

టిఫిన్ సెంటర్లో, మెడికల్ షాపులో, పెట్రోలు బంకులో పన్నెండు గంటలు నిలబడి పనిచేసే తమ్ముళ్ళకి నేను శారద పేరు చెప్తాను. టైం లేదన్న మాట మన అందరికీ నిజమే. ఆయనకి మనకన్నా తక్కువ టైం ఉంది.

చందమామలో పేరు లేకుండా

తెనాలి నుంచి మద్రాసు రైలెక్కితే బాపట్ల, చీరాల మీదుగా పోవాలి. మన రచయితలు చాలామంది ఆ దారినే పోయారు, సినిమాల కోసమో, పత్రికల కోసమో. కుటుంబరావు కూడా మద్రాసులో స్థిరపడ్డాడు. ఆంధ్రపత్రికలో పనిచేశాడు. 1952లో ‘చందమామ’లో చేరాడు. బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన పిల్లల పత్రిక అది. అప్పటి నుంచి చనిపోయేదాకా, అంటే 28 ఏళ్ళు ఆయన అక్కడే.

గమనించండి. సంపాదకుడి పని అంతా ఆయన చేసేవాడు. పత్రికలో సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు. పాఠకులు పంపిన కథల్ని తిరగరాసి, కఠినమైన మాట తీసేసి, పదేళ్ళ పిల్లకి అర్థమయ్యే తెలుగులో పెట్టేవాడు. విక్రమార్కుడి భుజం మీద శవంలోని బేతాళుడు చెప్పే కథలు అసలు ఉన్నవి పాతికే. చందమామలో అవి దశాబ్దాల తరబడి నడిచాయంటే అందులో ఆయన చెయ్యి ఎంతుందో ఊహించుకోండి. ప్రతి కథా చివర ఒక చిక్కు ప్రశ్న. మంచి ఎవరిది, చెడు ఎవరిది, ఎందుకు? పిల్లలకి కథ చెప్పినట్టే చెప్పి ఆలోచించడం నేర్పించాడు.

గ్రీకు కవి హోమర్ కావ్యాలు రెండున్నాయి, ఇలియడ్, ఒడిస్సీ. వాటిని కుటుంబరావు ‘భువనసుందరి’, ‘రూపధరుడి యాత్రలు’ అని తెలుగు పేర్లు పెట్టి చందమామలోకి తెచ్చాడు. రేపల్లె ఓలేరు కాలవ పక్కన కూర్చున్న పిల్లాడు అది గ్రీకు కథని తెలీకుండానే ట్రాయ్ యుద్ధం చదివేశాడు. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళు ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘పాతాళదుర్గం’ వచ్చాయి. ఆయనా తెనాలి తాలూకా మనిషే. ఇప్పుడు వెబ్ సిరీస్‌ల్లో డ్రాగన్లు చూసే వాళ్ళు ఒకసారి అవి తిరగెయ్యండి. ఏమాత్రం తీసిపోవు.

పెద్దయ్యాక చదవడం మొదలుపెట్టాలనుకుని, పెద్ద పుస్తకం చూస్తే భయపడే వాళ్ళకి నా సలహా పాత చందమామలే. సిగ్గు పడాల్సిన పనిలేదు. రోజుకొక కథ, పది నిమిషాలు. నెలలో మీ కంటికి అక్షరం అలవాటయ్యిద్ది.

ఆ ఇంటి అరలో సైన్సు, చరిత్ర

కుటుంబరావు ఫిజిక్స్ డిగ్రీ ఊరికే పోలేదు. సైన్సు మీద, చరిత్ర మీద, సినిమా మీద, సంగీతం మీద, తాత్విక విషయాల మీద లెక్కలేనన్ని వ్యాసాలు రాశాడు. ఒకే మనిషి ఇన్నింటి మీద ఎట్టా రాశాడంటే, ఆయనకి పుస్తకాల్లో పెద్దకులం చిన్నకులం లేదు. సినిమాని ఎంత శ్రద్ధగా చూశాడో, గ్రహాల గురించీ అంత శ్రద్ధగా చదివాడు.

ఆ లక్షణం పిల్లలకీ వచ్చింది. కొడుకు రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. సితార్ వాయించేవాడు. ‘విశ్వాంతరాళం’, ‘మానవ పరిణామం’ లాంటి సైన్సు పుస్తకాలు చక్కటి తెలుగులో రాశాడు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివే పిల్లలైనా, ఇంటర్ బైపీసీ వాళ్ళైనా ఇవి చదివితే, ఇంగ్లీషులో బట్టీ పట్టిన ముక్క అసలు ఏంటో తెలుగులో తెలిసిద్ది.

కూతురు శాంతసుందరి గొప్ప అనువాదకురాలు. హిందీ రచయిత ప్రేమ్‌చంద్ గురించి ఆయన భార్య శివరాణీదేవి రాసిన జీవితకథని ‘ఇంట్లో ప్రేమ్‌చంద్’ పేరుతో తెలుగు చేసింది. దానికి 2014లో సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. పెద్ద రచయిత ఇంట్లో ఎట్టా ఉంటాడు, భార్యతో ఎట్టా మాట్లాడతాడు, డబ్బుకి ఎట్టా ఇబ్బంది పడతాడు, అన్నీ ఉంటాయి. జీవితచరిత్ర అంటే పుట్టిన తేదీ, సన్మానాల లిస్టు అనుకునే వాళ్ళు ఈ పుస్తకం చూడాలి.

ఇక బాపట్ల అమ్మాయికి నేను చెప్పింది ఈ ‘ఇంట్లో ప్రేమ్‌చంద్’, దాంతోపాటు కుటుంబరావు చిన్న నవలలు ‘ఆడజన్మ’, ‘లేచిపోయిన మనిషి’. రెండో దాని పేరు చూడండి. లేచిపోవడం అన్న మాట మన ఊళ్ళల్లో ఎట్టా వాడతారో, ఎవర్ని అంటారో అందరికీ తెలుసు. ఆ మాట పక్కన ఆయన ‘మనిషి’ అన్న మాట పెట్టాడు. నాకైతే సగం కథ ఆ పేరులోనే కనపడిద్ది. వరూధిని గారు చలం తమ్ముడి కూతురు. చలం కూడా తెనాల్లో పెరిగినోడే. చలం అంటే ‘మైదానం’ ఒక్కటే అనుకుంటారు జనం. పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా ఎట్టా పెంచాలో చెప్పిన ‘బిడ్డల శిక్షణ’ కూడా ఆయనదే. కొత్తగా తల్లిదండ్రులైన మా ఊరి జంటలకి నేను పెళ్ళి కానుకల బదులు అది ఇస్తుంటాను.

నచ్చనివి కూడా చెప్పాలి

కుటుంబరావు పుస్తకాలన్నీ ఒక్క గుక్కలో చదివించేవి కావు. నవలల్లో నడక నిదానం. ఇంటర్వెల్ ట్విస్టు ఉండదు. బ్రాహ్మణ మధ్యతరగతి ఇళ్ళే ఎక్కువ. పొలం పనికి పోయే మనిషి, వాడల్లో మనిషి అంతగా కనపడరు. కొన్ని వ్యాసాల్లో తీర్పులు మరీ ముక్కుసూటిగా ఉంటాయి, ఈ రోజున మనం ఒప్పుకోలేనివీ ఉంటాయి. నచ్చకపోతే పక్కన పెట్టండి. ఒక రచయితని ఇష్టపడటమంటే ఆయన రాసిందల్లా వేదం అనుకోవడం కాదు. ఆయనే ఒప్పుకోడు దానికి. దేన్నైనా ప్రశ్నించు అన్నదే ఆయన బతుకంతా చేసిన పని.

1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు ఆయనకి అరవయ్యేళ్ళు దాటాయి. ఆ వయసులో ఉపాధ్యక్షుడిగా కొత్త కుర్రాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఆ రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అరవై దాటినా తన అభిప్రాయాన్ని దాచుకోలేదన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే. 1980 ఆగస్టు 17న మద్రాసులో చనిపోయాడు. అప్పటికీ చందమామ పనిలోనే ఉన్నాడు.

ఎక్కడ దొరుకుతాయి, ఎట్టా అడగాలి

ఇప్పుడు అసలు పని. కుటుంబరావు రచనల్ని ముందు విశాలాంధ్ర వాళ్ళు కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో సంపుటాలుగా వేశారు. తర్వాత విరసం ‘కొడవటిగంటి కుటుంబరావు రచనా ప్రపంచం’ పేరుతో వేసింది. పాత చందమామలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కొనే స్తోమత లేకపోతే శాఖా గ్రంథాలయానికి పోండి.

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. మన రాష్ట్రంలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికే వసూలు చేస్తారు. అంటే పుస్తకం చదివినా చదవకపోయినా మీ నాన్న డబ్బులు కట్టేశాడు. కాబట్టి మొహమాటంగా గుమ్మం కాడ నిలబడక్కర్లేదు. లోపలికి పోయి, ఫలానా పుస్తకం కావాలి అని పేరు చెప్పి అడగండి. లేకపోతే తెప్పించమని రిజిస్టర్లో రాయించండి. అడిగేవాడు లేకపోతే కొనేవాడు ఉండడు. ఊళ్ళో నలుగురు అడిగితే ఆ అరలోకి కొత్త పుస్తకం వచ్చిద్ది.

మొన్న ఒక ఊరి గ్రంథాలయంలో ‘చదువు’ కనపడింది. లోపల అతికించిన కాగితం మీద ఆఖరు తేదీ ముద్ర చూస్తే పదేళ్ళు దాటింది. పదేళ్ళుగా ఆ పుస్తకాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. ఆ పదేళ్ళల్లో ఆ ఊరికి ఎంతమంది పిల్లలు చదువు ఆపేసి వెనక్కొచ్చి ఉంటారో, ఎంతమంది తలుపేసుకొని కూర్చొని ఉంటారో లెక్కేసుకుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది. వాళ్ళ కోసం రాసిన పుస్తకం వాళ్ళ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది.

ఆ ముగ్గురి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చెరువు కాడ కుర్రాడు రెండో యుగంధర్ కూడా అయిపోయిందనీ, ఇంకోటి పంపమనీ అడుగుతున్నాడు. రొయ్యలూ క్షేమం, ఉద్యోగమూ క్షేమం. బాపట్ల అమ్మాయి ప్రేమ్‌చంద్ భార్య రాసినట్టు మా అమ్మ గనక రాస్తే మా నాన్న పని అయిపోయినట్టే అని నవ్వుతా మెసేజ్ పెట్టింది.

మా మేనల్లుడు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నిన్న అక్క ఫోన్ చేసింది. గది ఊడుస్తుంటే మంచం మీద ఆ పుస్తకం కనపడిందంట. సగం కాడ పేజీ మడత పెట్టి ఉందంట. సాయంత్రం వాడు వంటింట్లోకి వచ్చి, అమ్మా నాకు అక్షరాభ్యాసం ఎక్కడ చేశారు అని అడిగాడంట. అక్క గంటసేపు చెప్పిందంట వాడికి.